తుర్రేబాజు ఖాను చరిత్రము

మన మందమఱ్ఱి బొగ్గుగనుల పేటలలో బాలురు ఆటలాడుకొనునప్పుడు, ఎవడైనను తన బలమును గూర్చి గొప్పలు చెప్పుకొనినచో, తక్కినవారు వానిని పెద్ద తుర్రంఖానువా యని యెగతాళి సేయుదురు. పెద్దలు సైతము మాట వినని వానిని, ఎవరికిని లొంగని వానిని ఆ పేరుతోనే పిలుతురు. ఈ మాట తెలంగాణమంతటను వ్యాపించి యున్నది. కాని యా తుర్రంఖాను ఎవడని యడిగినచో పదిమందిలో తొమ్మండుగురు బదులు చెప్పజాలరు. కథలలోని వాడని కొందరును, వట్టి మాటయని కొందరును తలంతురు. అతడు కథలోని వాడు కాడు. హైదరాబాదు నగరమున బుట్టి, బ్రిటిషు రెసిడెన్సీపై దండెత్తి, పట్టువడి, చెఱనుండి తప్పించుకొని, తూప్రాను అడవులలో వేటాడబడి ప్రాణములు విడిచిన మనుష్యుడు. అతని నిజమైన పేరు తుర్రేబాజు ఖాను. ఆ పేరే జనుల నోళ్లలో నలిగి తుర్రంఖాను అయినదని పలువురి యభిప్రాయము. ఎగతాళికి వాడుకొనుచున్న యీ పేరు వెనుక నెట్టి చరిత్రము గలదో మన విద్యార్థు లెఱుంగుట మంచిది గదా యని యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

ముందుగా నాటి హైదరాబాదు స్థితిని గొంచెము తెలిసికొనవలెను. 1853వ సంవత్సరమున నిజాము ప్రభుత్వము కంపెనీవారికి సైన్యపు వ్యయము నిమిత్తము బాకీపడి, బీరారు, రాయచూరు, ధారాశివము ప్రాంతముల పరిపాలనమును వారికి అప్పగింపవలసి వచ్చెను. ఆ యేటనే చిన్న వయస్సువాడైన మీర్ తురాబ్ అలీఖాను దివానుగిరీని పొందెను. ఇతడే చరిత్రలో మొదటి సాలారుజంగు అని ప్రసిద్ధి కెక్కినవాడు. ఖజానా వట్టిపోయి యుండెను. నగరములో అరబ్బులు, రోహిలాలు, పఠానులు మొదలగు కూలిసైనికులు వేలకొలది నుండిరి. వీరికి జీతములు సకాలమున అందకుండెను. మఱియు ఫలవంతమైన బీరారు దేశము చేయిజారినదన్న దుఃఖము ప్రభువులనుండి పామరుల వఱకు అందఱి హృదయములను దహించుచుండెను.

ఇట్లుండగా 1857వ సంవత్సరము మే నెల 10వ తేదీన మీరటులో సిపాయీలు తిరుగబడిరి. మఱునాడే వారు ఢిల్లీ చేరిరి. అదే నెలలో హైదరాబాదున నాలుగవ నిజాము నాసిరుద్దౌలా స్వర్గస్థుడయ్యెను. ఆయన కుమారుడు అఫ్జలుద్దౌలా గద్దె నెక్కెను. రెసిడెంటు పదవికి మేజర్ కత్బర్ట్ డేవిడ్సను క్రొత్తగా వచ్చి యుండెను. రాజు క్రొత్తవాడు, రెసిడెంటు క్రొత్తవాడు, దేశమంతయు అట్టుడికినట్లు ఉడుకుచున్నది. హైదరాబాదు గూడ తిరుగుబాటులో గలిసినచో దక్షిణ దేశమంతయు చేజారునని ఇంగ్లీషువారు భయపడుచుండిరి. వీథిగోడలపై ఇంగ్లీషువారికి వ్యతిరేకమైన ప్రకటనపత్రములు రాత్రికి రాత్రి వెలయుచుండెను.

తుర్రేబాజు ఖాను హైదరాబాదులోని బేగంబజారులో జన్మించెను. తండ్రి పేరు రుస్తుం ఖాను. బాల్యమును గూర్చి చరిత్రకారులు వ్రాసినది మిక్కిలి స్వల్పము. అతడు రాజవంశీయుడు గాడు, జాగీరుదారుడు గాడు. రోహిలాలలో పలుకుబడి గలిగి, పిలిచినచో వందలకొలది జనులు వెంటవచ్చునంతటి నాయకుడు మాత్రము అయ్యెను. సామాన్యుల చరిత్రము లిట్లే యుండును. వారి జీవితములోని ముప్పది నలుబది యేండ్లు చీకటిలో గడచును. ఒక్క రాత్రి చేసిన పని మాత్రము వెలుగులోనికి వచ్చును.

ఆ రాత్రికి కారణమైనవాడు చీదా ఖాను అను జమాదారు. ఇతడు బుల్దానాలోని దళమునకు చెందినవాడు. ఢిల్లీమీదికి పోవలసినదన్న యాజ్ఞను ధిక్కరించి, కొందఱు సిపాయీలతో గూడ హైదరాబాదు చేరెను. నిజాము రాజ్యములో తమకు ఆశ్రయము లభించునని వారి యాశ. కాని సాలారుజంగు వారిని పట్టించి రెసిడెంటున కప్పగించెను. వారు రెసిడెన్సీలో బంధింపబడిరి. ఆశ్రయము కోరి వచ్చినవారిని పరులకు అప్పగించుట యన్నది నగరవాసులకు గొప్ప యవమానముగా దోచెను.

1857వ సంవత్సరము జూలై నెల 17వ తేదీ శుక్రవారము. మక్కామసీదులో ప్రార్థన ముగిసిన పిమ్మట జనులు గుంపులు గూడి, చీదా ఖానును విడిపింపవలెనని పట్టుపట్టిరి. మౌల్వీ సయ్యదు అలాఉద్దీను అను మతపండితుడు వారికి ప్రోత్సాహ మొసంగెను. తుర్రేబాజు ఖాను సేనానాయకత్వమును వహించెను. సుమారు 500 మంది రోహిలాలు ఆయుధపాణులై కదలిరి. వారి వెనుక నగరజనులు పెద్ద సంఖ్యలో నడచిరి. ఈ సంగతి సాలారుజంగునకు దెలిసి, అతడు రెసిడెంటునకు ముందుగనే హెచ్చరిక పంపెను. అందుచే వీరు మూసీనది దాటి పుత్లీబౌలి చేరునప్పటికి రెసిడెన్సీలో ఫిరంగులు సిద్ధముగా నుండెను.

సాయంకాలమున దాడి ప్రారంభమయ్యెను. రెసిడెన్సీ పడమటి గోడ కెదురుగా అబ్బను సాహేబు, జయగోపాలదాసు అను షాహుకార్ల రెండంతస్తుల మేడ లుండెను. తుర్రేబాజు ఖాను అనుచరులు వానిని ఆక్రమించి, కిటికీలనుండియు మిద్దెలపైనుండియు తుపాకులు పేల్చిరి. కొందఱు తోట ద్వారమును బ్రద్దలుకొట్టి లోపలికి జొచ్చిరి. కాని మద్రాసు అశ్వదళపు ఫిరంగుల యెదుట నాటుతుపాకులు ఎంతసేపు నిలువగలవు? అయినను వారు వెంటనే పాఱిపోలేదు. రాత్రియంతయు కాల్పులు జరుగుచుండెను. తెల్లవాఱు జామున నాలుగు గంటల ప్రాంతమున రోహిలాలు మేడలను విడిచి చీకటిలో కలిసిపోయిరి. చీదా ఖాను విడుదల కాలేదు. దాడి విఫలమయ్యెను. కాని బెంగాలునందును, ఉత్తరదేశమునందును మాత్రమే కాక, నిజాము రాజధాని నడిబొడ్డున గూడ కంపెనీవారి కోటగోడను ముట్టడించువారు గలరని ఆ రాత్రి లోకమునకు దెలిసెను.

తెల్లవాఱినది మొదలు వేట ప్రారంభమయ్యెను. విద్యార్థులారా, ఇచట నొక విషయమును గమనింపుడు. తుర్రేబాజు ఖానును వెదకినది ఇంగ్లీషు సైన్యము గాదు. నిజాము ప్రభుత్వపు కొలువుకాండ్రే వెదకిరి. అతని ముఖము వారికి దెలియును. అతని బంధువులు, స్నేహితులు, రాకపోకలు అన్నియు వారికి దెలియును. పరదేశి కన్నులకు దొరకనివాడు స్వదేశి కన్నులకు సులభముగా దొరకును. కొలది దినములలోనే ఆచూకీ దెలిసి, నగరము వెలుపల అడవిలో అతడు పట్టుబడెను.

పిమ్మట విచారణ జరిగెను. మౌల్వీ అలాఉద్దీను ఇంకను దొరకలేదు. ఆయన జాడ చెప్పవలసినదని తుర్రేబాజు ఖానును బహువిధముల నడిగిరి. అతడు చెప్పలేదు. అతని జీవితములో నాకు మిక్కిలి గొప్పగా దోచునది ఈ ఘట్టమే. దాడిలో ముందు నిలుచుటకు ధైర్యము చాలును. చుట్టును జనులు కేకలు వేయుచుండగా పిఱికివాడు సైతము ముందునకు పోగలడు. కాని ఒంటరిగా, సంకెళ్లతో, శత్రువుల నడుమ నిలిచి, ఒక్క పేరు చెప్పినచో తన శిక్ష తగ్గవచ్చునని యెఱింగియు నోరు మెదపకుండుటకు వేఱొక బలము గావలెను. ఆ బలము అతనికి గలదు. న్యాయస్థానము యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష విధించెను. అతని యాస్తి జప్తు చేయబడెను.

ఆ కాలమున ద్వీపాంతరవాసమన్న అండమాను దీవులు. 1858వ సంవత్సరమున అచట తిరుగుబాటుదారుల కొఱకు క్రొత్త శిక్షాస్థావరము నేర్పరచిరి. నేడు యాత్రికులు చూచు సెల్యులరు జైలు అప్పటికి లేదు. అది చాలకాలము పిమ్మట, 1906వ సంవత్సరమున పూర్తియైనది. అప్పుడున్నవి దట్టమైన యడవులు, జ్వరములు, సముద్రము. నల్లనీటిని దాటినవాడు తిరిగివచ్చుట కల్ల యని జనులు నమ్ముచుండిరి.

తుర్రేబాజు ఖాను ఆ సముద్రమును జూడలేదు. 1859వ సంవత్సరము జనవరి నెల 18వ తేదీన అతడు చెఱనుండి తప్పించుకొనెను. పేరుమోసిన ఖైదీ, కావలి నడుమ నున్నవాడు, అట్లు మాయమగుట సామాన్యము గాదు. కావలివారు కన్నులు మూసికొననిదే యట్టిది జరుగుట దుర్లభము. ఈ వార్త నగరమున బొక్కున వ్యాపించెను. కొందఱు లోలోపల సంతోషించిరి. రెసిడెంటు ఆగ్రహించెను. సాలారుజంగు స్థితి మిగుల సంకటమయ్యెను. ఖైదీని తానే విడిచిపెట్టెనను అనుమానము వచ్చినచో తన పదవికే కాక నిజాము రాజ్యమునకే ముప్పు. వెంటనే 5,000 రూపాయల బహుమానము ప్రకటింపబడెను.

ఆనాటి 5,000 రూపాయలన్న నేటి లెక్కలో చూడరాదు. ఒక కాల్బంటు నెలజీతము కొలది రూపాయలు మాత్రమే యుండిన దినము లవి. ఆ సొమ్ముతో ఒక కుటుంబము తరములపాటు బ్రతుకవచ్చును. ఆ యాశ గ్రామగ్రామమునకు ప్రాకెను. అప్పటికి హైదరాబాదునకు రైలుమార్గము లేదు. అది 1874వ సంవత్సరమున గాని రాలేదు. పాఱిపోవువానికి గుఱ్ఱమో, కాళ్లో దిక్కు. వెన్నంటువారికిని అంతే. పాఱిపోవువాడు తినుటకు అన్న మడుగవలెను, త్రాగుటకు నీళ్లడుగవలెను, పండుకొనుటకు చోటడుగవలెను. అడిగిన ప్రతిపర్యాయము తన ప్రాణము నొక యపరిచితుని చేతిలో బెట్టవలెను.

అతడు ఉత్తరదిక్కునకు బోయెను. తూప్రాను చుట్టును అప్పుడు అడవులుండెను. నిర్మల, ఆదిలాబాదుల నుండి రాజధానికి బోవు మార్గమున తూప్రాను నేడును గలదు. మన ప్రాంతపువా రనేకులు ఆ దారిని ప్రయాణము చేసియే యుందురు. మోటారు బండిలో పోవువారికి హైదరాబాదునుండి అది గంటకు కొంచెము మించిన దూరము. ఆ పారిపోయిన వానికి అది జీవితములోని కడపటి మజిలీ.

తూప్రాను తాలూకాదారు మీర్జా కుర్బాను అలీ బేగు అను నతడు. ఇతనికి జాడ దెలిసి, మనుష్యులను వెంటబెట్టుకొని యడవిని వెదకించెను. 1859వ సంవత్సరము జనవరి నెల 24వ తేదీన తుర్రేబాజు ఖాను చిక్కెను. అతనిని అచటనే కాల్చి చంపిరి. చెఱ విడిచిన నాటినుండి లెక్కించినచో ఆఱు దినముల స్వేచ్ఛ. మృతదేహమును నగరమునకు గొనివచ్చి, ఇకముందు ఎవ్వరును తిరుగుబాటు తలపెట్టకుండునట్లు జనులెల్లరు చూచుచుండగా వ్రేలాడదీసిరి. చచ్చినవానిని దండించుట వలన చచ్చినవానికి బాధ లేదు. ఆ దండన బ్రదికియున్నవారి కొఱకు.

అయినను బ్రదికియున్నవారు భయపడిరా? రెండు నెలలైన గడవకమునుపే, 1859వ సంవత్సరము మార్చి నెల 15వ తేదీన, నిజాము దర్బారు ముగించుకొని రెసిడెంటు డేవిడ్సను, సాలారుజంగు ఒకరి చేయి నొకరు పట్టుకొని వెలుపలికి వచ్చుచుండగా, జహంగీరు ఖాను అను నతడు వారిపై తుపాకి పేల్చెను. గుండు గురితప్పి వేఱొకనికి దగిలెను. అతడు కత్తి దూసి మీదికి దుమికెను గాని, చుట్టునున్నవారు అతనిని అచటనే నఱికివేసిరి. ఆ గుండు గురి తప్పకున్నచో హైదరాబాదు చరిత్రము మఱొక దారిని బోయి యుండును. మౌల్వీ అలాఉద్దీను సైతము కడకు పట్టుబడి, 1859వ సంవత్సరముననే అండమాను దీవులకు పంపబడి, అచటనే కాలధర్మము నొందెను. ఆయనను పట్టించినది మాత్రము తుర్రేబాజు ఖాను నోరు కాదు.

ఆ యేండ్లలో ఇట్లు వేటాడబడినవారు వీరిద్దరే కారు. సురపురపు రాజు వెంకటప్ప నాయకుడు 1858వ సంవత్సరమున కంపెనీవారి నెదిరించి, ఓడి, హైదరాబాదు చేరి, అచట పట్టుబడి రెసిడెంటున కప్పగింపబడెను. మన పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనే, నిర్మల ప్రాంతమున గోండు నాయకుడైన రాంజీ గోండు రోహిలాలతో జేయి గలిపి పోరాడి, పట్టుబడి, 1860వ సంవత్సరమున ఉరి దీయబడెను. అతనితోగూడ అనేకులను ఒక మఱ్ఱిచెట్టున కురిదీసిరనియు, అందుచే దానికి వేయి ఉరుల మఱ్ఱి యని పేరు వచ్చెననియు అచటివారు చెప్పుదురు. నలుబది యేండ్ల పిమ్మట సైతము ఇదే కథ మరల జరిగెను. 1897వ సంవత్సరము జూన్ 22వ తేదీన పూనాలో ప్లేగు అధికారియైన ర్యాండును చాపేకరు సోదరులు కాల్చినప్పుడు, 20,000 రూపాయల బహుమానము ప్రకటింపబడెను. సోదరులలో రెండవవాడైన బాలకృష్ణుడు నిజాము రాజ్యమున దాగి, పట్టుబడి, బ్రిటిషువారి కప్పగింపబడి, 1899వ సంవత్సరము మే నెలలో ఉరి దీయబడెను.

దేశాంతరములలో సైతము వేట తీరు ఇట్టిదే. అమెరికా దేశాధ్యక్షుడైన అబ్రహాము లింకనును 1865వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీ రాత్రి నాటకశాలలో కాల్చిన బూత్ అను నటుడు, కాలు విఱిగినవాడై, పండ్రెండు దినములు పాఱిపోయి, వర్జీనియాలో ఒక పొగాకు కొట్టమున దాగి, ఏప్రిల్ 26వ తేదీన సైనికుల గుండుకు కూలెను. అచటను బహుమానమే, అచటను ఆచూకీ చెప్పినవారే. కాని ఇద్దరిని ఒక తక్కెడలో దూచరాదు. ఒకడు నిరాయుధుడైన వానిని వెనుకనుండి చంపినవాడు. మఱొకడు తనవారిని విడిపించుటకై ఫిరంగుల యెదుట నిలిచినవాడు. వేటాడబడిన మాత్రమున అందఱును వీరులు గారు. పట్టుబడిన మాత్రమున అందఱును దోషులు గారు. ఎందులకు పాఱిపోయెను అనునది తెలిసినగాని తీర్పు చెప్పరాదు.

ఇక సాలారుజంగును గూర్చి యొక మాట. తుర్రేబాజు ఖాను చరిత్రము చదివినవారు ఆయనను ద్రోహి యని నిందింపవచ్చును. 1860వ సంవత్సరమున ఇంగ్లీషువారు నిజామునకు 50 లక్షల రూపాయల బాకీని రద్దు చేసి, రాయచూరు, ధారాశివము ప్రాంతములను తిరిగి యిచ్చిరి. ఈ ప్రతిఫలము తుర్రేబాజు ఖాను వంటివారి ప్రాణములకు వెలయని యనువారు గలరు. కాని, సాలారుజంగు పరిపాలనమును చక్కదిద్ది, జిల్లాల నేర్పరచి, రైలుమార్గములకు దారితీసి, ఖజానాను నిలబెట్టినవాడు. ఢిల్లీకి బట్టిన గతి హైదరాబాదునకు బట్టకుండుటకే తానట్లు చేసెనని ఆయన పక్షమువారి వాదము. ఢిల్లీ వీథులలో 1857వ సంవత్సరము సెప్టెంబరున బాఱిన రక్తమును తలచినచో ఆ వాదము వట్టి సాకు గాదని తోచును. ఒకడు రాజ్యమును గాపాడదలచెను, మఱొకడు శరణార్థులను గాపాడదలచెను. ఇద్దరి కోరికలు ఒక్క గోడ కిరువైపుల నిలిచి ఢీకొనెను. అందు సాలారుజంగునకు మేడలు, ప్రదర్శనశాల, పెద్ద పేరు మిగిలినవి. తుర్రేబాజు ఖానునకు జనులు పలుకు నొక సామెతమాట మిగిలెను.

ఏ రెసిడెన్సీపై అతడు దాడి చేసెనో, ఆ భవనము కాలక్రమమున స్త్రీల కళాశాల యయ్యెను. 1949వ సంవత్సరమునుండి బాలికలు అందు చదువుకొనుచు వచ్చిరి. అంగ్లేయాధికారికై కట్టిన మేడలో కూలివాని కూతురు గూడ చదువుకొనుచుండుట చూచినచో, ఆ రాత్రి పేలిన తుపాకులు పూర్తిగా వ్యర్థములైనవని యెవ్వరనగలరు? దాని సమీపమున కోఠీలో అతని స్మారకస్తంభము గలదు. ఒక వీథి కతని పేరు పెట్టిరి. బస్సుకై నిలుచువా రనేకులు దానిని చదువకయే పోవుచుందురు.

ప్రియమైన బాలబాలికలారా! మన గనులలో దిగు కార్మికుడు తనతో దిగినవానిని విడిచి తాను మాత్రము పైకి రాడు. పైకప్పు కూలినప్పుడు మొదట తోటివాని పేరు పిలుచును. ఆ ధర్మము మీ తండ్రులకు, అన్నలకు తెలిసినదే. తుర్రేబాజు ఖాను చేసినదియు నదియే. చెఱలో నున్నవారిని విడిపింప బోయెను. తాను చెఱలో బడినపుడు వెలుపల నున్నవానిని పట్టియీయలేదు. అతని మార్గము ఆయుధముల మార్గము. దానిని మనము కోరము, అనుకరింపము. కాని తోటివానిని అమ్ముకొనని గుణము ఏ కాలమునకైనను, ఏ మతమువానికైనను, ఏ పనివానికైనను భూషణమే.

ఇకమీదట ఆటస్థలములో ఎవ్వనినైనను తుర్రంఖాను అని పిలువబోవునప్పుడు ఒక్క నిమిషము ఆగి, తూప్రాను అడవిని తలచుకొనుడు. ఆ పేరు గొప్పలు చెప్పుకొనువానికి దగినది కాదు. నోరు మూసికొని మాట నిలుపుకొన్నవానికి దగినది.